బస్సుకి కట్టిన దండెం

రోడ్డు పక్కన లంగా ఆరెయ్యకూడదని ఏ చట్టంలో రాసుందో చూపించమన్నాను. హైవే మీద కార్లు ఆపుకుని జనం టీ తాగి, కాళ్ళు చాపుకునే చోటు అది. కాపలా మనిషి ఒకతను వచ్చి, మా బస్సు పక్కన వేలాడుతున్న వాటిని ఒక్కొక్కటే చూసి, చివరికి నా లంగా దగ్గర ఆగాడు. "చూసేవాళ్ళకి బావుండదమ్మా" అన్నాడు మలయ్‌లో, మర్యాదగానే. "అయితే వాళ్ళని చూడొద్దని చెప్పు" అన్నాను. అతను తల గోక్కున్నాడు. లోపల టీ కాస్తున్న మా ఆయన దగ్గాడు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ దగ్గుకి అర్థం నాకు తెలియనిది కాదు. ఇక చాల్లే, ఊరుకో అని. నేను లంగాకి ఇంకో రెండు క్లిప్పులు పెట్టాను.

మేమిద్దరం మూడేళ్ళుగా ఒక పాత బస్సులో ఈ మలయ్ దేశమంతా తిరుగుతున్నాం. ఒకప్పుడు ఫ్యాక్టరీ పనివాళ్ళని తిప్పిన చిన్న బస్సు. మా ఆయన ముప్పై ఏళ్ళు పోర్ట్ క్లాంగ్‌లో కంటైనర్ లారీ తోలి, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, దాన్ని కొని సీట్లు పీకేశాడు. మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు, అలమర అన్నీ తనే బిగించాడు. నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. పిల్లలు లేరు. ఉంటే ఈ వయసులో ఇదేం పిచ్చని అడ్డుపడేవాళ్ళు. క్లాంగ్‌లో మా ఫ్లాటుకి తాళం వేసి, పక్కింటావిడకి తాళంచెవులిచ్చి బయల్దేరాం.

బస్సులో అన్నీ ఉన్నాయి గానీ వాషింగ్ మెషీన్ లేదు. దాని పని రోడ్డు చేస్తుంది. మూత బిగుతుగా పట్టే నీలం డ్రమ్మొకటి వెనక తలుపు పక్కన తాళ్ళతో కట్టి ఉంటుంది. పొద్దున్నే అందులో బట్టలు, సగానికి నీళ్ళు, గుప్పెడు సబ్బుపొడి వేసి మూత బిగిస్తాను. బస్సు ఊగితే డ్రమ్ములో నీళ్ళూ ఊగుతాయి. నున్నటి రోడ్డు మీద మురికి వదలదు, అందుకే హైవే అంటే నాకు గిట్టదు. సముద్రం పక్కనుంచి పోయే పాత రోడ్లు, లారీలు తవ్విపోసిన గుంతలు కావాలి నాకు. అలాంటి రోడ్డు మీద రెండు గంటలు పోతే చొక్కా కాలర్లు తళతళలాడతాయి. మా ఆయన గుంత తప్పించబోతే "పోనీ, దాని మీంచే పోనీ" అని వెనకనుంచి అరుస్తాను. ముప్పై ఏళ్ళు ఒక్క కంటైనర్ కూడా ఒరగకుండా లారీ తోలిన మనిషికి ఇంతకన్నా అవమానం ఇంకోటి లేదు.

ఆగిన చోట నీళ్ళు చూసుకుని రెండుసార్లు జాడించాలి. పెట్రోలు బంకులో కుళాయి అడిగితే కాదనరు, మగాళ్ళు కారు కడుక్కోవచ్చు గానీ ఆడది గుడ్డ జాడించకూడదా అన్నట్టు ఒక చూపు చూస్తే చాలు. తర్వాత దండెం. బస్సు పైకప్పు అంచున ఒక కొక్కెం, దానికెదురుగా సిమెంటు పోసిన డబ్బాలో నిలబెట్టిన వెదురు, మధ్యలో నైలాను తాడు. చొక్కాలు తలకిందులుగా, అంచు పట్టుకుని ఆరెయ్యాలి. రంగువి తిరగేసి నీడవైపు. తెల్లవి ఎండవైపు, ముడతలు దులిపి, రెండు అంచులూ కలిపి. ఈ దేశంలో వాన మధ్యాహ్నం మూడు దాటాక చెప్పకుండా వస్తుంది కాబట్టి, పన్నెండు లోపల ఆరెయ్యకపోతే ఆ రోజు పోయినట్టే. సముద్రం మీంచి గాలి వీచే రోజున ఉప్పు పట్టి బట్ట చెమ్మగానే ఉండిపోతుంది. ఆ రోజున ఉతకకూడదు.

ఇవన్నీ నాకు మా అమ్మ నేర్పింది. మా అమ్మ తోటలో చాకలి.

ఈ చిన్న వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు యాభై తొమ్మిదేళ్ళు పట్టింది. నోటితో చెప్పడానికి యాభై ఎనిమిది పట్టింది. ఆ చెప్పిన రోజు గురించే ఇదంతా రాస్తున్నాను.

నేను పుట్టింది పేరాక్ రాష్ట్రంలో, హుటాన్ మెలింటాంగ్ అనే ఊరికి ఆరేడు మైళ్ళ దూరంలో ఉన్న కొబ్బరితోటలో. మా తాతలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి కూలీలుగా వచ్చారు. అందరూ ఒకే ఓడలో, ఒకే కూలికి వచ్చినవాళ్ళే. ఓడ దిగేటప్పుడు గిన్నెలు, గుడ్డలు, దేవుడి పటాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు గానీ, కులం పోగొట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. తోటలో నాన్న కాయలు కోసేవాడు, నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ దొరగారి బంగళా బట్టలు, గుమాస్తాల బట్టలు ఉతికేది. అవి జీతం పని. జీతం లేని పని ఇంకోటుంది. తోటలో ఎవరింట్లో పురుడొచ్చినా, చావొచ్చినా, పిల్ల పెద్దమనిషైనా ఆ మైల బట్టలు మా గుమ్మం ముందుకి వచ్చేవి. తెచ్చినవాళ్ళు మూట కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు. పెళ్ళిళ్ళలో గుమ్మం నుంచి పందిట్లోకి పెళ్ళికూతురు నడిచే దారి పొడుగునా బట్టలు పరిచేది మా అమ్మే. పరిచాక పక్కకి తప్పుకునేది.

కొత్త చాకలి బాగా ఉతుకుతుందని మనకో సామెత ఉంది. మా అమ్మ చేతులు సబ్బుకి పగిలి నెత్తురొచ్చే వయసులో కూడా కొత్త చాకలిలాగే ఉతికింది. ఆ సంగతి ఏ సామెతలోనూ లేదు.

పదిహేడో ఏట నేను నర్సు చదువుకి వెళ్ళిపోయాను. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకి పైగా మనుషుల రక్తం, చీము, వాంతి ఈ చేతులతోనే తుడిచాను. దాన్ని సేవ అన్నారు, దండ వేశారు. అవే మరకలు గుడ్డ మీద ఉంటే మా అమ్మకి అప్పజెప్పి మైల అన్నారు. ఈ తేడా ఏమిటో నాకెవరూ సరిగా చెప్పలేకపోయారు. నేను అడగనూ లేదు, అదీ నిజమే.

మా ఆయనది వేరే కులం. తమది పెద్దదని వాళ్ళే అనుకుంటారు. మేము ఇష్టపడి చేసుకున్నాం. మా అత్తమామలు అప్పటికే లేరు, పెద్దరికమంతా మా ఆయన అక్కది. నాకు వదిన. ఆవిడ అడ్డు పెట్టలేదు, ఒక షరతు పెట్టింది. పెళ్ళికూతురి తండ్రి తోటలో మండోర్ అని, అంటే కూలీల మీద మేస్త్రీ అని చెప్పుకోవాలి. తల్లి సంగతి ఎత్తకూడదు. సరే అన్నాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. కుట్టించి ఇచ్చిన జాకెట్టులా ఆ అబద్ధాన్ని వేసుకున్నాను, కొన్నాళ్ళకి అది బిగుతుగా ఉందన్న సంగతే మర్చిపోయాను. ఆసుపత్రిలో తోటి నర్సులకి కూడా అదే చెప్పాను. అమ్మ పోయి పదకొండేళ్ళయింది. పోయినప్పుడు కూడా ఎవరో అడిగితే అదే చెప్పాను.

ఇంత పిరికిదాన్ని దేశమంతా తిరిగి లంగాలు ఆరేస్తూ పౌరుషం మాట్లాడటం ఏమిటని మీరు నవ్వొచ్చు. బస్సెక్కాక నాకు కొంచెం కొంచెంగా మార్పు వచ్చింది. ఏ ఊరికి పోయినా వీధికొకటి దోబీ షాపు, నాణేలు వేసి యంత్రాల్లో ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కునే కొట్టు. నాలుగు రోజులు వాన వదలకపోతే నేనూ వెళ్తాను, ఆరబెట్టే యంత్రంలో వేస్తే బట్ట మాడువాసన వేస్తుందని తిట్టుకుంటూనే. పైన ఇంతింత అక్షరాలతో దోబీ అని బోర్డు. లోపల మలయ్ ఆవిడ, చైనీస్ ముసలాయన, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన పనివాళ్ళు బల్లల మీద కూర్చుని తమ బట్టలు తిరగడం చూస్తుంటారు. ఓనరు కొత్త కారులో వచ్చి యంత్రాలు తుడిచి పోతాడు. ఎవరి తలా వంగి లేదు. ఈ దేశంలో అందరూ ఎవరి బట్టలు వాళ్ళు, ఎవరి బట్టలైనా ఎవరైనా ఉతుకుతున్నారు. గుసగుసలు మా వాళ్ళలోనే. నేను ఆ బల్ల మీద కూర్చుని చాలాసార్లు మా అమ్మని తలుచుకున్నాను. సిగ్గుపడ్డాను. ఆమెని చూసి కాదు, నన్ను చూసి.

పోయినేడు వదిన ఫోన్ చేసింది. ఆవిడ హుటాన్ మెలింటాంగ్‌లో ఉంటుంది, వాళ్ళకి పడవలకి కావలసిన తాళ్ళూ వలలూ అమ్మే కొట్టుంది. కూతురికి సంబంధం కుదిరింది. పిల్ల కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తోంది, అబ్బాయిది అదే ఆఫీసు, కంప్యూటర్ పని మీద విశాఖపట్నం నుంచి వచ్చినవాడు. వాళ్ళే చూసుకున్నారు. అబ్బాయి తల్లి ఇండియా నుంచి వస్తోంది, ఇల్లు చూసి మాట అనుకోడానికి. మేనమామ ఉండాలి కాబట్టి రమ్మంది. మేము రెండు రోజులు ముందే వెళ్ళి, బస్సు వాళ్ళింటి ముందు ఖాళీ స్థలంలో పెట్టాం. దారంతా గుంతలు. డ్రమ్ములో బట్టలు బ్రహ్మాండంగా వచ్చాయి. నేను దండెం కట్టాను.

వదిన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"మరదలా, ఇయ్యేటి? తియ్యి, తియ్యి. ఎల్లుండి పెళ్ళోరొస్తారు. ఇంటి ముందల దండెమేటి, మలూ లా." మలూ అంటే మలయ్‌లో సిగ్గు, లా అన్నది ఇక్కడి ఊతపదం. మా వాళ్ళకి సిగ్గనే తెలుగు మాట పోయినా, సిగ్గు మాత్రం పోలేదు.

"బట్టలే గదా వదినా. ఉతికినవే."

"ఉతికినవే! అదే గదా నాను సెప్పేది. బస్సు ఎనక జెట్టీ కాడ ఎట్టీండి. రెండు దినాలే. ఉతకడాలు గితకడాలు ఒద్దు. నా మెషీను ఉంది, నీయీ నానే యేస్తాను."

"నా బట్టలు ఆరితే నీకేటి బయం?"

వదిన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఆ పెద్దాయమ్మ ఇండియా మనిషి. ఆళ్ళకి సూస్తే తెలిసిపోతాది. నువ్వు ఆరేసిన తీరు సూడు. మనలాటోళ్ళు అలగ ఆరేస్తారేటి?"

దండెం కేసి చూశాను. తెల్లవన్నీ ఒక వరస, అంచుకి అంచు, ఒక్క ముడత లేకుండా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వదిన సంగతి. ఆవిడ భయం చూస్తే నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆవిడన్నది ఇంకోసారి చెవిలో తిరిగింది. మనలాటోళ్ళు. అందులో నేను లేను. ముప్పై నాలుగేళ్ళుగా ఆవిడ ఇంట్లో భోంచేస్తున్నాను, ఆవిడ పిల్లని పురిట్లో మొదట చేతుల్లోకి తీసుకున్నది నేను, అయినా లేను.

మా ఆయన అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుని తాళంచెవి కోసం వెతుకుతున్నాడు. అక్క చెప్పిందంటే అంతే. తాళంచెవి నేను లుంగీలా చుట్టుకున్న సారోంగు మడతలో ఉంది. కిటికీ దగ్గరికెళ్ళి చెప్పాను, "జెట్టీ కాడ ఆరేస్తే బట్టలకి నెత్తళ్ళ వాసన పడతాది. నాను రాను" అని. ఆయన దగ్గాడు. నేను వినిపించుకోలేదు.

వాళ్ళొచ్చే రోజున పొద్దున్నే లేచి మంచం మీద దుప్పట్లతో సహా ఉన్నవన్నీ ఉతికేశాను. మొండితనమే, కాదనను. సముద్రం గాలి లేదు, ఎండ ఫెళ్ళున కాసింది. పదకొండు గంటలకి కారు వచ్చి ఆగేసరికి బస్సు పొడవునా తెల్లగా తెరలు కట్టినట్టుంది. అబ్బాయి తల్లి దిగింది. నా వయసే ఉంటుంది, కళ్ళజోడు, నేత చీర, మంచి నవ్వు. మా బస్సు చూసి ముచ్చటపడి, లోపలికి పోకుండా నా దగ్గరికే వచ్చింది. మేనమామ భార్యనని చెప్పాను. ఇందులోనే ఉంటారా, వంట కూడా ఇందులోనేనా అని అడిగింది. చిన్నపిల్లలా అన్నీ చూసింది. ఆవిడ నాకు నచ్చింది. ఈ మాట రాయకపోతే అన్యాయం.

తర్వాత దుప్పటి అంచు వేళ్ళతో పట్టుకుని చూసింది.

"అబ్బ, ఎంత తెల్లగా ఉన్నాయండీ! మా ఊళ్ళో మా చాకలిది కూడా ఇలా ఉతకదు. ఎక్కడ నేర్చుకున్నారండీ?"

వదిన అప్పుడే ట్రేలో టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వెనక మా ఆయన, కొత్త చొక్కాలో. మా మేనకోడలు, ఆ అబ్బాయి కారు దగ్గర నిలబడి ఏదో నవ్వుకుంటున్నారు. అందరూ నాకు వినపడేంత దూరంలో ఉన్నారు, నేనూ వాళ్ళకి.

ఆవిడ నన్ను తిట్టలేదు, మెచ్చుకుంది. మెచ్చుకోడానికి ఆవిడకి దొరికిన కొలబద్ద మా అమ్మ. చాకలిది కూడా ఉతకదట. ఎక్కడో అక్కడ ఒకామె, పేరు కూడా లేకుండా, ఈవిడ బట్టలు ఉతుకుతోంది. ఏదో అబద్ధం చెప్పొచ్చు. ఆసుపత్రిలో నేర్చుకున్నానంటే అయిపోయేది. వదిన కళ్ళు అదే చెప్పమని బతిమాలుతున్నాయి.

"మా యమ్మ నేర్పింది" అన్నాను. "మా యమ్మ సాకలిదేనండీ. ఇక్కడ తోటలో ఊరందరి బట్టలూ ఉతికినాది."

ఆవిడ వేళ్ళు దుప్పటి వదిలేశాయి. కోపంగా కాదు, వేడి గిన్నె ముట్టుకున్నట్టు. నవ్వు మొహం మీదే ఉంది, ఏం చెయ్యాలో తెలీక. "అలాగాండీ" అంది. "మండోర్‌గారి అమ్మాయి అన్నారే..."

"మా నాన్న కొబ్బరికాయలు కోసేవోడు. మండోర్ గాదు."

ట్రేలో గ్లాసులు గలగలమన్నాయి. తర్వాత అంతా పద్ధతిగానే జరిగింది. టీ తాగారు, స్వీట్లు తిన్నారు, ఎండ ఎక్కువగా ఉందనుకున్నారు. ముహూర్తం సంగతి ఇంటికెళ్ళి పంతులుగారిని అడిగి చెప్తామని ఆవిడ అంది. వెళ్ళేటప్పుడు అందరికీ దణ్ణం పెట్టింది, నాకూ పెట్టింది, అయితే దండెం అవతల నుంచి.

కారు మలుపు తిరిగాక వదిన నా మీద పడింది. "నీ నోట్లో మన్నడ! ముప్పై నాలుగేళ్ళు దాసినాం గదా, ఇంకో గంట దాసలేవేటి? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నా పిల్ల పెళ్ళి ఆగిపోతే ఏటి సేస్తావు? నీకు పిల్లల్లేరు గదా, నీకేటి తెలుస్తాది!"

ఆ చివరి మాట తగిలింది. పెళ్ళి ఆగిపోతుందేమోనన్న భయం నాకూ ఉంది. నా పౌరుషానికి ఆ పిల్ల బతుకు బలిపెట్టే హక్కు నాకెవరిచ్చారు? కానీ చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. పొరపాటైందని ఒక్క మాట అనమని మా ఆయన అడిగాడు. పొరపాటేమీ కాలేదన్నాను.

సాయంత్రం మేనకోడలు బస్సులోకొచ్చి మంచం మీద కూర్చుంది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే తమిళం, మలయ్, ఇంగ్లీషు కలిపి వంట చేసినట్టు చేస్తుంది.

"అత్తా, నాకు ప్రాబ్లెం లేదు లా. ఆయనకీ లేదు. బట్ అమ్మ రొంబ ఏడుస్తాది." మళ్ళీ అంది, "అమ్మమ్మ గురించి నాకు ఎందుకు సెప్పలేదు? నన్ను ఎత్తుకున్న ఫోటో ఉంది గదా, ఆ అమ్మమ్మేనా?"

అవునన్నాను. దానికి జడ వేసి పంపించాను.

నాలుగు రోజులు వాళ్ళ నుంచి కబురు లేదు. వదిన నాతో మాట్లాడటం మానేసింది. అన్నం మా ఆయన చేత పంపేది, ఆయన కంచం పట్టుకుని రెండిళ్ళ మధ్య రాయబారిలా తిరిగాడు. నేను మాత్రం రోజూ ఉతికాను. ఉతకడానికి ఏమీ లేకపోతే ఆరినవే మళ్ళీ తడిపాను. వీధిలో పోయే మోటారు సైకిళ్ళ వాళ్ళు చూసి పోయారు, ఏ ఒక్కరూ ఆగి ఇదేమిటని అడగలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం వదిన బస్సులోకి వచ్చింది. రెండేళ్ళలో ఆవిడ మా బస్సెక్కడం అదే మొదటిసారి. మా ఆయన నీళ్ళ ట్యాంకు పైపు బిగిస్తూ కింద కూర్చున్నాడు. వదిన మొహం తేటగా ఉంది. ముహూర్తం పెట్టారట, వచ్చే నెలలో, ఈ ఊరి గుడి పక్క హాల్లోనే. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. వదిన చెయ్యి పట్టుకున్నాను కూడా. అప్పుడు ఆవిడ అసలు సంగతి చెప్పింది.

మా వైపు పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామా, అతని భార్యా చెరోపక్కా పట్టుకుని పీటల దాకా మోసుకొస్తారు. అది లేకుండా పెళ్ళి లేదు.

"ఆ పెద్దాయమ్మ ఏటీ అన్లేదు. మంచిది. ఒక్కటే అడిగినాది" అంది వదిన. "గంప కాడ నీ బదులు ఇంకెవులైనా ఉంటే బాగుంటాదట. ఇండియా నుంచి సుట్టాలొస్తారట, ఆళ్ళు మాట్లాడుకుంటారట. నువ్వు ముందల వరసలో కూకో, పట్టుచీర కట్టుకో, ఫోటోల్లో ఉండు. గంప ముట్టుకోకపోతే సాలు. ఇంతేనా, ఇంకేటి?"

వదిన మెత్తగా నా మోకాలి మీద చెయ్యేసింది.

"నీ పెళ్ళిలో మీ యమ్మ సర్దుకుపోలేదేటి? ఒక్క మాట అన్నాదా? నీ కోసం ఒప్పుకుంది. నువ్వూ ఈ పిల్ల కోసం ఒప్పుకో."

ఇంతదాకా ఈ సంగతి రాయకుండా తప్పించుకుంటూ వచ్చాను. ఇక తప్పదు.

మా పెళ్ళికి అమ్మ వచ్చింది. క్లాంగ్‌లో, ఒక చిన్న హాల్లో. రావద్దని నేను చెప్పలేదు, ఎవరైనా అడిగితే దూరపు చుట్టాన్నని చెప్పమని మాత్రం చెప్పాను. అమ్మ సరేనంది. ఎప్పుడో దొరసాని ఇచ్చిన పాత సిల్కు చీర గంజి పెట్టి ఇస్త్రీ చేసి కట్టుకుని, వెనక వరసలో కూర్చుంది. తాళి కట్టాక మా ఆయన తరపు పెద్దావిడ ఒకామె, ఆ చివర కూర్చుంది ఎవరని వదినని అడిగింది. వదిన దగ్గర జవాబు సిద్ధంగా లేదు. "బట్టలు సూసుకోడానికి వచ్చింది" అంది. నేను అక్కడే ఉన్నాను, అడుగు దూరంలో, మెడలో పసుపుతాడు ఇంకా తడి ఆరలేదు. అమ్మ కూడా విన్నది. నా కేసి చూసింది. నేను తల దించుకున్నాను. అమ్మ లేచి, కొంగు దోపుకుని, పక్క గదిలోకి వెళ్ళి పెళ్ళివారు విడిచిన చీరలు ఒక్కొక్కటే తీసి మడతలు పెట్టడం మొదలెట్టింది. భోజనాల దాకా పెడుతూనే ఉంది. వదిన ఆడిన అబద్ధాన్ని ఆమె నిజం చేసేసింది, నా పరువు పోకుండా.

ఇదంతా వదినకి చెప్పక్కర్లేదు. ఆవిడకి నాకన్నా బాగా గుర్తుంది, గుర్తుంది కాబట్టే ఆ మాట తెచ్చింది.

"మా యమ్మ ఒప్పుకోలేదు వదినా" అన్నాను. "మా యమ్మని ఎవులు అడిగినారు? నాను సెప్పినాను, ఆమె సేసినాది. ఆమెకి కాదనడం ఎవులూ నేర్పలేదు. పుట్టినకాడ్నుంచి అందరూ మూటలు తెచ్చి ముందల పడేసినోళ్ళే, నాతో సహా. నాను ఒప్పుకోను. గంప నానే పడతాను. లేదంటే సెప్పు, ఇప్పుడే ఎల్లిపోతాం."

"తమ్ముడూ, సూడు నీ పెళ్ళాం..." అని వదిన కిందికి చూసింది.

మా ఆయన పైపు వదిలేసి లేచాడు. ఈసారి దగ్గలేదు. "ఆ దినం నానూ ఇన్నాను అక్కా" అన్నాడు. "నువ్వు అన్నదీ ఇన్నాను, అత్త లేసి ఎల్లిందీ సూసినాను. పెళ్ళికొడుకుని గదా, నా మాట ఎవులు కాదంటారు? అయినా నోరెత్తలేదు." చేతులు సారోంగుకి తుడుచుకున్నాడు. "గంపకి రెండు పక్కలూ మేమే. ఇంకో మేనమామ ఉంటే ఎతుక్కో."

వదినకి ఇంకో తమ్ముడు లేడు.

పెళ్ళి రోజున హాలు నిండిపోయింది. పిల్లని గంపలో కూర్చోబెట్టారు. అది నా కేసి చూసి "మెల్లగా లా అత్తా" అంది. బరువుగానే ఉంది, ఇద్దరం వంగి ఎత్తాం. దారిలో ఇండియా నుంచి వచ్చిన ముసలావిడ ఒకామె వదిన పక్కకి వంగి, ఆ గంప పట్టుకున్నామె ఎవరని అడగడం నాకు వినిపించింది. నేను అడుగు ఆపాను. మా ఆయనా ఆగాడు. మేళం వాయిస్తూనే ఉంది, అందరూ మా కోసం చూస్తున్నారు. వదిన నా మొహం చూసింది. నేను కదల్లేదు. ఆవిడ చెప్పేదాకా కదలను.

"మా తమ్ముడి పెళ్ళాం" అంది వదిన. అయినా నేను గంప పట్టుకుని అక్కడే నిలబడ్డాను. "ఇక్కడ తోటలో సాకలమ్మ ఉండేది, ఆయమ్మ కూతురు."

సంతోషంగా ఏం చెప్పలేదు. కానీ గట్టిగానే చెప్పింది, మేళం మీంచి వినపడేలా. నేను గంప ఇంకొంచెం పైకి సర్దుకుని నడిచాను.